జపాన్‌లో వంటమాస్టర్ హోటల్ మారితే కొత్త వీసా కావాలా?

మీది విదేశీ వంటల నిపుణులకిచ్చే ‘గినో’ వీసా అయి, మారేది మరో ఇండియన్ రెస్టారెంట్‌కే అయితే కొత్త వీసా అక్కర్లేదు. ఆ వీసాకి ఆధారం మన వంటలో మీకున్న 10 ఏళ్ల అనుభవం. అందుకే ఓనర్ మారొచ్చు గానీ వంట మారకూడదు. మానేసిన 14 రోజుల్లోపు ఒకసారి, కొత్తచోట చేరిన 14 రోజుల్లోపు ఇంకోసారి ఇమిగ్రేషన్‌కి తెలపాలి. దయచేసి ఇది మర్చిపోవద్దు, రెన్యువల్ దగ్గర ఇబ్బంది అవుతుంది.

టోక్యోలో తందూరు దగ్గర నాన్‌లు కాల్చే మనిషి ఒసాకాలో బిర్యానీ హోటల్‌లో ఇదే వీసా మీద చేరొచ్చు. రామెన్ (జపాన్ నూడుల్స్) షాపులో మాత్రం కుదరదు. దానికి ‘తొకుతెయ్ గినో’ అనే వేరే వీసా కావాలి: వృత్తి పరీక్ష, జపనీస్ పరీక్ష పాసై, అనుమతి చేతికొచ్చాకే పనిలో దిగాలి. పైగా అందులో ఓనర్ మారిన ప్రతిసారీ మళ్లీ అనుమతి తప్పదు, మొదటి దశలో కుటుంబాన్ని తెచ్చుకునే వీలూ లేదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకుని గినోని వదులుకోకండి.

‘మానేస్తే ఓనర్ వీసా క్యాన్సిల్ చేయించేస్తాడు’ అని చాలామంది టెన్షన్ పడుతుంటారు. అది నిజం కాదు, రద్దు చేసే అధికారం ఇమిగ్రేషన్‌దే. సరైన కారణం లేకుండా 3 నెలలు ఆ పని చేయకుండా ఉంటే మాత్రం రద్దు కావచ్చు.