మీరు అడిగారు: వేలంపాటలో గ్రీకు కుండ

పాత వస్తువుల వేలంపాటల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి గ్రీకు, రోమన్ పురావస్తువుల మీద వచ్చినవి ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాను. కొన్ని ప్రశ్నలు కుదించాను.

ప్రశ్న: నేను లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి ఒక వేలం సంస్థ కేటలాగులో జానెడు ఎత్తు గ్రీకు కూజా చూశాను. నల్లటి మెరుగు, దాని మీద ఎర్రమట్టి రంగులో ఆడమనిషి తల బొమ్మ. దక్షిణ ఇటలీలోని అపూలియా, క్రీ.పూ. 4వ శతాబ్దం అని రాశారు. అంచనా ధర 600–800 పౌండ్లు. వివరాల్లో '1980లలో యూరప్‌లో కొన్నది, ఒక పెద్దమనిషి సొత్తు' అని ఒక్క లైనే ఉంది. 2,300 ఏళ్ల వస్తువు ఇంత చవగ్గా వస్తుందా? కొనెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, లండన్

జవాబు: ధర చూసి అనుమానపడక్కర్లేదు. అపూలియాలో ఆ కాలంలో ఇలాంటి కూజాలు వేలకు వేలు చేశారు, చనిపోయినవాళ్ల పక్కన సమాధుల్లో పెట్టారు, అందుకే ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా పగలకుండా దొరుకుతున్నాయి. అందులోనూ ఆడమనిషి తల బొమ్మ అన్నిటికన్నా మామూలు రకం, కాబట్టి ఆ రేటు సబబే. నాకు నచ్చనిది ఆ ఒక్క లైను.

యూరప్‌లో కొన్నారు సరే, ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, రసీదేది? ఇటలీలో నేలలోంచి బయటపడిన పురావస్తువు ప్రభుత్వానిదే అని 1909లోనే చట్టం వచ్చింది. దొంగ రవాణా ఆపడానికి యునెస్కో ఒప్పందం కుదిరింది 1970లో. అందుకే పేరున్న మ్యూజియంలు ఇప్పుడు 'ఈ వస్తువు 1970కి ముందే ఆ దేశం దాటి వచ్చిందని చూపించండి' అంటున్నాయి. మీ కూజా కథ మొదలయ్యేదే 1980లలో. ఇటలీలో రాత్రిపూట సమాధులు తవ్వేవాళ్లకి (మన దగ్గర గుప్తనిధుల ముఠాలు ఉన్నట్టే అక్కడా ఉన్నాయి, తోంబరోలి అంటారు) అది మంచి సీజను.

ఆ సరుకు ఎలా కదిలేదో 1995లో బయటపడింది. జెనీవాలో పన్నులేని గోదాముల్లో జాకొమో మెదిచి అనే వ్యాపారి అద్దెకు తీసుకున్న గదుల మీద ఇటలీ, స్విస్ పోలీసులు దాడి చేస్తే, వస్తువులతో పాటు వేలకొద్దీ ఫొటోలు దొరికాయి. చాలావాటిలో కుండలకి మట్టి ఇంకా వదల్లేదు, కొన్ని ముక్కలుగానే ఉన్నాయి. అవి తీసిన వెంటనే చేతికొచ్చే పోలరాయిడ్ ఫొటోలు, వాటిని తీసిన ఎస్‌ఎక్స్-70 రకం కెమెరా 1972కి గాని మార్కెట్లోకి రాలేదు, అంటే మట్టితో ఉన్న ఆ కుండ అంతకు ముందే ఏ జమీందారు బంగళాలోనో ఉండేదన్న కథ చెల్లదు. మెదిచికి 2004లో రోమ్ కోర్టు శిక్ష వేసింది. క్రిస్తోస్ సిరోయానిస్ అనే గ్రీకు పురావస్తు పరిశోధకుడు ఇప్పటికీ కొత్త కేటలాగులు తెరిచి ఆ పాత ఫొటోలతో పోల్చి చూస్తుంటాడు, ఆయన ఒకటి గుర్తుపట్టాడంటే వేలం సంస్థ చాలాసార్లు ఆ లాట్‌ని (పాటకి పెట్టిన వస్తువుని) వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది.

అపూలియా కుండల సంగతి మరీ అన్యాయం. బోస్టన్ యూనివర్సిటీలో రికార్డో ఎలియా అనే ఆచార్యుడు, నమోదైన పదమూడు వేల పైచిలుకు అపూలియన్ చిత్రాల కుండల జాబితా పట్టుకుని లెక్కవేస్తే, పద్ధతి ప్రకారం తవ్వకాల్లో దొరికినవి నూటికి ఆరు కూడా లేవని తేలింది.

కాబట్టి ముందు వేలం సంస్థకి ఒక మెయిల్ పెట్టండి. అమ్మేవాళ్ల పేరు చెప్పరు, అది మామూలే. తేదీ ఉన్న కాగితం ఏదైనా ఉందా అని అడగండి: పాత వేలం కేటలాగు పేజీ, రసీదు, ఇన్సూరెన్స్ జాబితా, ఇంట్లో అల్మరా మీద ఆ కూజా కనిపించే పాత ఫొటో, ఏదైనా సరే. 'ఆర్ట్ లాస్ రిజిస్టర్‌లో చెక్ చేశాం, క్లియర్' అని జవాబు వస్తే అక్కడితో సంతోషపడిపోకండి. అది చోరీ అయినట్టు ఫిర్యాదు అందిన వస్తువుల జాబితా. సమాధిలోంచి రాత్రికి రాత్రి తీసిన కూజా పోయిందని ఎవరు ఫిర్యాదు చేస్తారు? అది అక్కడ ఉన్నట్టే ఎవరికీ తెలీదు కదా. తేదీ ఉన్న కాగితం లేకపోతే ఈ లాట్ వదిలెయ్యండి. 1960ల నాటి వేలం రికార్డు ఉన్న కూజాలు కూడా వస్తుంటాయి, కొంచెం ఎక్కువ పెట్టాలి, ఓపిక పట్టాలి.

ప్రశ్న: కాగితం ఉంటే ఇక నిశ్చింతగా ఉండొచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఉండలేమండీ. జూలియస్ సీజర్‌ని చంపిన బ్రూటస్, ఆ హత్యకి గుర్తుగా రెండు బాకులు, మధ్యలో టోపీ వేయించి క్రీ.పూ. 42లో నాణేలు కొట్టించాడు. బంగారంలో ఇప్పటికి తెలిసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి 2020 అక్టోబర్‌లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లకు పైగా పలికింది, పాత స్విస్ బారన్ ఒకాయన కలెక్షన్‌లోదని కేటలాగులో దర్జాగా వేశారు. ఆ చరిత్ర కల్పితమని న్యూయార్క్ ప్రాసిక్యూటర్లు తేల్చారు, ఆ వేలం సంస్థ యజమానిని అరెస్టు చేశారు, 2023 మార్చిలో నాణెం గ్రీసుకి వెళ్లిపోయింది. అందుకే కాగితం ఇచ్చినవాడి మాట ఒక్కటే కాకుండా, దాన్ని ఇంకొక చోట సరిచూడగలమా అన్నది ముఖ్యం. ఫలానా ఏడాది ఫలానా వేలం, లాట్ నంబరు ఇంత అని రాస్తే ఆ కేటలాగు లైబ్రరీలో దొరుకుతుంది, వెళ్లి బొమ్మ చూసుకోవచ్చు. 'బారన్ గారి కలెక్షన్' అంటే ఎక్కడికని వెళ్లి చూస్తాం?

డబ్బున్నవాళ్లకి సలహాదార్లు ఉంటారు కాబట్టి భయంలేదు అనుకోకండి. న్యూయార్క్ ఫండ్ మేనేజర్ మైకేల్ స్టైన్‌హార్ట్ 2021లో దొంగసరుకని తేలిన 7 కోట్ల డాలర్ల విలువైన 180 వస్తువులు అప్పగించి, ఇక జన్మలో పురావస్తువులు కొననని ఒప్పుకుని కేసు లేకుండా బయటపడ్డాడు.

ప్రశ్న: నకిలీదో అసలుదో ఎలా కనిపెట్టాలి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మట్టి వస్తువైతే థెర్మోల్యూమినిసెన్స్ పరీక్ష ఉంది, చిటికెడు పొడి గీకి తీసి, అది చివరిసారి కొలిమిలో కాలి ఎంతకాలమైందో సుమారుగా చెబుతారు. కానీ అసలు పాత పెంకులు నాలుగు ఏరి, మిగతాది కొత్తమట్టితో అతికించి కుండ చేసేవాళ్లున్నారు, పొడి ఎక్కడ గీకారన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. అల్ట్రావయొలెట్ టార్చి కింద కొత్త రంగు, కొత్త జిగురు వేరేగా మెరుస్తాయి, ఈ చిన్న టార్చి ఒకటి దగ్గర పెట్టుకోండి. పాలరాతికి ఆ మట్టి పరీక్ష పనికిరాదు. లాస్ ఏంజలెస్ గెట్టీ మ్యూజియం 1985లో కొన్న నిలువెత్తు యువకుడి విగ్రహం మీద పండితులు ఏళ్ల తరబడి కొట్టుకుని, చివరికి దాని కింద 'గ్రీకు, సుమారు క్రీ.పూ. 530, లేదా ఆధునిక నకిలీ' అని బోర్డు పెట్టాల్సి వచ్చింది! మ్యూజియం పరిస్థితే అది.

కేటలాగులో 'ఆఫ్టర్ ది యాంటిక్' అని ఉంటే అది పాత వస్తువు చూసి తర్వాత ఎవరో చేసిన నమూనా. అందులో మోసం లేదు. 19వ శతాబ్దంలో నేపుల్స్‌కి వచ్చే యాత్రికుల కోసం పోసిన కంచు బొమ్మలు కొన్ని చాలా బాగుంటాయి, ఎవరి సమాధీ తవ్వకుండా వచ్చినవి. మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పేది అవే.

ప్రశ్న: 700 పౌండ్లకి పాట నా పేరున ఖాయమైతే 700 కడితే చాలా?
– ఒక పాఠకుడు, మాంచెస్టర్

జవాబు: చాలదు. కొనుగోలుదారు కమిషన్ 26 శాతం అనుకుంటే 182, ఆ కమిషన్ మీద 20 శాతం వ్యాట్ 36, మొత్తం 918. ఆన్‌లైన్ వేదిక మీద పాడితే దాని ఫీజు ఇంకొంచెం. ప్యాకింగ్, రవాణా విడిగా. ఎంతవరకు వెళ్లాలో ఇవన్నీ కలిపి ముందే కాగితం మీద రాసుకుని కూర్చోండి, వేలంవెర్రి అన్న మాట ఊరికే పుట్టలేదు.

ప్రశ్న: గ్రీసు, ఇటలీ వాళ్ల వస్తువులు పోతే మనకెందుకండీ ఇంత బాధ?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ జిల్లా కథే చెబుతాను. దొనకొండ దగ్గర చందవరం బౌద్ధ స్థలం నుంచి 3వ శతాబ్దపు సున్నపురాతి శిల్పం ఒకటి దొంగల పాలై, న్యూయార్క్ గ్యాలరీ చేతికి చేరి, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి 5,95,000 అమెరికన్ డాలర్లకు అమ్ముడైంది. కాగితాలు సరిపోయాయనే వాళ్లూ కొన్నారు. ఆ చరిత్ర నిలబడదని తేలాక 2016లో మన దేశానికి తిరిగిచ్చారు. అపూలియా రైతు పొలంలో జరిగిందీ చందవరంలో జరిగిందీ ఒకటే దందా.

ప్రశ్న: విదేశంలో కొన్నది హైదరాబాద్ తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: తెచ్చుకోవచ్చు, కస్టమ్స్‌లో రెడ్ చానెల్‌కి (సుంకం పడే వస్తువులు చూపించే వరసకి) వెళ్లి రసీదుతో సహా చూపించాలి, సుంకం ఎంతో ముందే కస్టమ్స్ ఏజెంటుని అడగండి. కొన్నది యూరోపియన్ యూనియన్ దేశంలో అయితే, వందేళ్లు దాటిన తవ్వకాల వస్తువు బయటికి రావడానికి అక్కడి ఎగుమతి లైసెన్సు గురించి వేలం సంస్థని పాటకి ముందే అడగాలి, తర్వాత కాదు. ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. మన 1972 పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన వస్తువుని పురావస్తువు అంటుంది, అది మన దేశంలోనే తయారై ఉండాలని నిర్వచనంలో లేదు. రేపు మళ్లీ డాలస్ పట్టుకెళ్దామంటే పురావస్తు శాఖ దగ్గరకి వెళ్లాల్సి రావచ్చు. అటూ ఇటూ తిరిగే ఉద్దేశం ఉంటే డాలస్ ఇంట్లోనే ఉంచండి.