సర్పికి గడువు మూడు రోజులే

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. మా అత్తగారికి 61 ఏళ్లు, 15 ఏళ్లుగా షుగర్. నడుం కుడిపక్క మంటగా ఉందంటే పట్టేసిందనుకున్నాం. నిన్న అక్కడే నీటి పొక్కులు లేచాయి. చూసినవాళ్లు సర్పి అన్నారు. పక్క ఊళ్లో మంత్రం వేసి ఎర్రమట్టి రాస్తారట, మూడు ఆదివారాలు రమ్మన్నారు. తలా తోకా కలిస్తే ప్రాణం మీదికి వస్తుందంటున్నారు. ఇది షుగర్ వల్లే వచ్చిందా? మా ఆడపడుచు పురిటికి వచ్చి ఉంది, తనకు అంటుకుంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పత్రిక మీ చేతికొచ్చేదాకా ఆగే జబ్బు కాదిది. అందుకే మీ వాట్సాప్ చూసిన పూటే ఫోన్ చేసి, ఆవిణ్ని వెంటనే డాక్టరుకు చూపించమన్నాను. ఇక్కడ రాసేది మిగతా ఇళ్లవాళ్ల కోసం కూడా.

సర్పి చిన్నప్పటి ఆటలమ్మే. అమ్మవారు తగ్గినా ఆ వైరస్ వెన్ను పక్కన నరాల మొదళ్లలో నిద్రపోతుంది. దాన్ని అణిచి ఉంచే రోగనిరోధక శక్తి వయసుతో తగ్గుతుంది, షుగర్ ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. కాబట్టి షుగర్ వల్ల పుట్టింది కాదు గానీ, షుగర్ ఉన్నవాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ. పొక్కులు మానాక కూడా నెలల తరబడి సలిపే నరాల నొప్పి కూడా వీళ్లలోనే ఎక్కువ.

నా దగ్గరికి ఒక కొబ్బరి ఒలుపు కార్మికుడు వచ్చాడు, ఎడమ రొమ్ములో మంటని. షుగర్ మనిషి కదా, గుండేమోనని ముందు ఈసీజీ తీయించాను. బాగానే ఉంది. మర్నాడు చొక్కా విప్పితే వీపు నుంచి రొమ్ము దాకా ఒక్క పక్కనే ఎర్రటి పట్టీ, దాని మీద పెసరగింజలంత పొక్కులు. ఒక నరం వెంటే పాకుతుంది కాబట్టి ఇది సాధారణంగా మధ్య గీత దాటదు. తలా తోకా కలవడమన్న మాటే ఉండదు. పొక్కులు రెండు పక్కలా, ఒళ్లంతా వస్తే మాత్రం ఆస్పత్రిలో చేర్చండి. నుదుటి మీదో, ముక్కు కొస మీదో వస్తే అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు, ఎసైక్లోవిర్ గానీ వాలాసైక్లోవిర్ గానీ, మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మామూలుగా ఏడు రోజుల కోర్సు. షుగర్ పాతదైతే కిడ్నీలు కూడా చూడాలి కనుక క్రియాటినిన్ పరీక్ష చేయించి మోతాదు నిర్ణయిస్తారు. షాపులో అడిగి కొని వేసేయకండి. నొప్పికి, జబ్బు ఒత్తిడికి షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోండి.

మంత్రం మానమని నేననను. సర్పి ఎలాగూ రెండు నుంచి నాలుగు వారాల్లో మానిపోతుంది, మూడు ఆదివారాల లెక్క ఎందుకు కుదురుతుందో మీకే అర్థమవుతుంది! మట్టి, ఆకు పసరు మాత్రం వద్దు. అసలే మన కోనసీమ ఉక్క, పైగా షుగర్. పగిలిన పొక్కులో మట్టి పడితే చీము పడుతుంది. సబ్బుతో మెల్లగా కడిగి, తడి అద్ది, పల్చటి నూలు గుడ్డ కప్పితే చాలు.

టీకా ఉంది. షింగ్రిక్స్ అంటారు. మన దేశంలోకి 2023లో వచ్చింది. 50 దాటినవాళ్లకు 2 నుంచి 6 నెలల తేడాతో రెండు డోసులు. ప్రైవేటులో కొనుక్కోవాలి, రైతు ఇంటికి భారమే. అయినా షుగర్ ఉన్న 50 దాటినవాళ్లకు నేను చెబుతూనే ఉంటాను. మీ అత్తగారికి పొక్కులు పూర్తిగా మానాక డాక్టరుతో మాట్లాడి వేయించండి.

ఇక ఆడపడుచు సంగతి. సర్పి నుంచి సర్పి అంటదు. కానీ పొక్కుల నీరు తగిలితే, ఆటలమ్మ రానివాళ్లకు ఆటలమ్మ రావచ్చు, కడుపుతో ఉన్నప్పుడు అది మంచిది కాదు. తనకు చిన్నప్పుడు వచ్చిందో లేదో వాళ్లమ్మనే, అంటే మీ అత్తగారినే అడగండి. వచ్చి ఉంటే భయం లేదు. రాకపోయినా, గుర్తులేకపోయినా పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా వేరే గదిలో ఉంచి, తువ్వాలు, దుప్పటి కలవకుండా చూసి, పురుడు పోసే డాక్టరుకు ఈరోజే ఫోన్ చేయండి.