కొత్త కారుకు ఏ కోటింగ్ వేయించాలని అడిగిన అల్లుడికి

అల్లుడూ,

షోరూంలో టెఫ్లాన్ కోటింగ్ వేయించుకోమని ఒకటే పట్టు పడుతున్నారన్నావు. వద్దు. అది కొన్ని నెలలు మెరిసి పోయే పూత, ఆ పాటి పనికి కారు పెయింట్ మీద మైనంలా రుద్దే మంచి సీలెంట్ డబ్బా ఒకటి తెచ్చుకుంటే ఇంటి దగ్గర నువ్వే రుద్దుకోవచ్చు.

ఇన్నేళ్లు టింకరింగ్, పెయింటింగ్ షాపు నడిపినవాడిగా చెప్తున్నా, బండి ఎక్కడ తిరుగుతుందో చూసుకున్నాకే కోటింగ్ సంగతి. నువ్వు రోజూ కడప నుంచి ఎర్రగుంట్లకు పోతావు, ముందర టిప్పర్లు, లారీలు, పగలంతా బండి ఎండలో సిమెంటు దుమ్ము కింద ఉంటుంది, ఇంటికొస్తే కడిగేది బోరు నీళ్లతో.

టైర్ల కింద నుంచి ఎగిరొచ్చే కంకరను ఆపేది పీపీఎఫ్ ఒక్కటే, అంటే పెయింట్ మీద అంటించే మందపాటి పారదర్శక ఫిల్ము. ఇంకోటి సిరామిక్, ద్రవంగా పూస్తే ఆరి గట్టిపడే పూత. అది వేస్తే గీతే పడదు, 9హెచ్ గట్టిదనం అంటారు, ఆ మాట నమ్మొద్దు. 9హెచ్ అనేది పెన్సిల్ మొనతో గీసి చూసే పరీక్షలో వచ్చేది, రాయి దెబ్బకూ దానికీ సంబంధం లేదు. రంగు మీదుండే క్లియర్ కోటే సుమారు 40, 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), సిరామిక్ దాని మీద చాలా పల్చటి పొర, అదే పీపీఎఫ్ 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది. బండంతా వేయిస్తే ఖర్చు మోయలేవు, నీకు అవసరం లేదు కూడా. ముందు బంపర్, బానెట్, అద్దాల వెనక డొప్పలు, ఇంతే చాలు. ఆ ఫిల్ము టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌దేనా అని అడుగు, పీవీసీ ప్లాస్టిక్‌ది చవకగా వస్తుంది కానీ మన ఎండకు తొందరగా పచ్చబడిపోతుంది.

మిగతా బాడీకి సిరామిక్ వేయించుకో. దుమ్ము గట్టిగా పట్టదు, పిట్ట రెట్ట పడినా వెంటనే కడిగితే పోతుంది. కానీ రెండు గంటల్లో ఇచ్చేస్తామనే చోట వేయించొద్దు. ముందు పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే క్లే బార్ అనే ముద్దతో రుద్ది, పాలిష్ చేసి, నూనె జిడ్డంతా తుడిచి, దుమ్ము రాని గదిలో వేయాలి, లేదంటే ఉన్న గీతలన్నీ దాని కింద అట్లే ఉండిపోతాయి. వేశాక ఒక వారం కడగొద్దు. కంపెనీ పెయింట్ బట్టీలో కాల్చిందే కాబట్టి కొత్త బండికి వెంటనే వేయొచ్చు, అదే బయట మళ్లీ పెయింట్ కొట్టించిన డోరైతే నెల రోజులన్నా ఆగాలి.

ఏ కోటింగ్ వేసినా కడిగేది సరిగ్గా లేకపోతే డబ్బులు వృథా అల్లుడూ, ఇది మాత్రం గట్టిగా పట్టించుకో. సిమెంటు దుమ్ము మీద పొడిగుడ్డ వేశావంటే ఎమరీ పేపర్‌తో రుద్దినట్టే. ముందు నీళ్లు ధారగా కొట్టి దుమ్మంతా దింపు, తర్వాతే షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డ. బట్టల సబ్బు పొడి అసలు ముట్టుకోవద్దు. సిరామిక్ మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయని మురిసిపోతారు గానీ, ఆ బొట్లు ఎండలో ఆరితే బోరు నీళ్లలోని సున్నం తెల్లటి మచ్చలుగా మిగులుతుంది, అది కోటింగ్‌లోకి కూడా దిగుతుంది. అందుకే పొద్దు పొడవకముందే కడిగి, ఆరనీయకుండా తుడిచేయి. ఆర్వో మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా అవుతున్నాయని అత్త బకెట్ పట్టి ఇస్తుంది, అవి చెట్లకు కూడా అంత మంచివి కావు, కారుకు అసలు వద్దు, బోరు నీళ్లకంటే ఉప్పు ఎక్కువుంటుంది వాటిలో.

వారంటీ కార్డు ఇస్తే చదువు. ఏడాదికోసారి వాళ్ల దగ్గరే సర్వీసు చేయించాలని రాసి ఉంటే, దానికి ఎంతవుతుందో డబ్బు కట్టకముందే తేల్చుకో.