గో పాతదైతే రెస్టిక్ కదలదు

ప్రశ్న: మిర్యాలగూడలో మాది ఫొటో స్టూడియో. పెళ్లి ఫొటోల బ్యాకప్ కోసం రెస్టిక్ అనే సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేస్తుంటే, గో వెర్షన్ పాతదంటూ ఆగిపోతోంది. మాది ఉబుంటు. ఏం చేయాలి సార్?

జవాబు: రెస్టిక్‌ను రాసింది గో అనే ప్రోగ్రామింగ్ భాషలోనే. ఉబుంటు తన ఇన్‌స్టాల్ కమాండ్ ‘ఆప్ట్’తో ఇచ్చే గో చాలాసార్లు వెనకబడే ఉంటుంది. గో అధికారిక సైట్ నుంచి కొత్తది దింపి, ‘యూఎస్ఆర్ లోకల్’లో విప్పి, దాని ‘బిన్’ ఫోల్డర్‌ను పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందు పెట్టండి. కొత్త టెర్మినల్ తెరిచి ‘గో వెర్షన్’ అని కొట్టి చూడండి. నల్లగొండలో నేనూ ఇక్కడే ఓ పూట పోగొట్టుకున్నాను. పాత గో ముందు దొరుకుతుంటే, కొత్తది ఉన్నా లేనట్టే!

తర్వాత రెస్టిక్ సోర్స్ ఫోల్డర్‌లో ‘గో రన్ బిల్డ్ డాట్ గో’ అని కొట్టండి. మొదటిసారి లైబ్రరీలు దింపుకుంటుంది, నెట్ ఉండాలి. చివరికి తయారయ్యేది ఒకే ఫైలు. దాన్ని సుడోతో (అంటే అడ్మిన్ హక్కుతో) ‘యూఎస్ఆర్ లోకల్ బిన్’లోకి కాపీ చేస్తే చాలు.

అసలు టెన్షన్ పాస్‌వర్డ్‌తోనే. రెస్టిక్ అన్నీ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది (తాళం వేసినట్టు), పాస్‌వర్డ్ పోతే ఫొటోలు తేవడం ఎవరి తరమూ కాదు. నాది కాగితం మీద రాసి, రేషన్ కార్డుతో పాటు బీరువాలో పెట్టాను. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ. శ్రావణం ముహూర్తాల రద్దీకి ముందే ఒక ఆల్బమ్‌ను వేరే ఫోల్డర్‌లోకి రెస్టోర్ చేసి, ఫొటోలు తెరిచి చూసుకోండి.