రోగ్ మొదలుపెట్టిన చిన్నాకి పిన్ని రాసేది

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్‌లో ఆ పాడుబడ్డ ఊరి ద్వారం దగ్గర, ఇళ్ల కప్పుల మీద కాచుకున్న గోబ్లిన్లనే పొట్టి రాక్షసుల చేతిలో మూడుసార్లు చచ్చానని, రోగ్‌లో, అంటే చాటుగా కొట్టే దొంగ పాత్రలో, అసలు పస లేదని, ఎదురు నిలబడి కొట్లాడే ఫైటర్‌కి మారిపోతానని రాశావు. మారాలనుకుంటే మారు, నేనేం అడ్డుపడను. ఆటలో మన శిబిరంలో ఉండే విథర్స్‌కి 100 బంగారు నాణేలిస్తే చిటికెలో క్లాస్, అంటే పాత్ర రకం, మార్చేస్తాడు. కానీ నువ్వు పంపిన వీడియో చూశాను కాబట్టి ఒక మాట చెప్పాలి. అందులో నువ్వు రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుని వీధి మధ్యలో నిలబడి, చుట్టూ నలుగురు కొడుతుంటే అలాగే నిలబడి తిరిగి కొడుతున్నావు. దాన్ని రోగ్ ఆడటం అనరు నాన్నా. పలచని తోలు కవచం వేసుకుని ఫైటర్ ఆడుతున్నావు, అంతే.

నవ్వుతున్నానని అనుకోకు. నేనూ ఇదే పని చేసి చాలాసార్లు చచ్చాను. నేను రోగ్ నేర్చుకుంది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో, 2004 చివర్లో వచ్చిన ఆట. అందులో రోగ్‌కి మాయాశక్తి బదులు ఎనర్జీ అని 100 ఉండేది. దెబ్బ దెబ్బకీ కొంత ఖర్చయి, మళ్లీ దానంతటదే నిండేది. కొట్టిన కొద్దీ శత్రువు మీద కాంబో పాయింట్లు చేరేవి, గరిష్ఠంగా 5. ఆ రోజుల్లో ఆ పాయింట్లు ఎవరిని కొడితే వాళ్ల మీదే ఉండేవి. మధ్యలో ఇంకొకడి మీదికి పోయావా, అప్పటిదాకా కూడబెట్టిందంతా గాలికే. నాకేమో కనిపించిన ప్రతివాణ్ణీ ఒక పోటు పొడవాలని సరదా. ఎవడూ చచ్చేవాడు కాదు, నేను మాత్రం చచ్చేదాన్ని. ఒకణ్ణి ఎంచుకో, వాడు పోయేదాకా వాడినే చూడు అని ఆ ఆట నాకు చెంపదెబ్బలు కొట్టి నేర్పింది. నీ ఆటలో పాయింట్ల గోల లేదు గానీ ఆ బుద్ధి మాత్రం అక్కడా పనికొస్తుంది.

ఇక స్నీక్ అటాక్, అంటే రోగ్‌కి దొరికే అదనపు దెబ్బ సంగతి. నువ్వు దీన్ని సరిగ్గా చదవలేదని నా అనుమానం. పేరులో స్నీక్ ఉంది కదా అని ప్రతిసారీ దాక్కునే కొట్టాలని లేదు. ఫినెస్ ఆయుధం, అంటే బాకు లాంటి చురుకైనది గానీ, దూరం నుంచి కొట్టే ఆయుధం గానీ చేతిలో ఉండాలి. దానికి తోడు రెండిట్లో ఒకటి జరగాలి: నీకు అడ్వాంటేజ్ ఉండటం, అంటే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు పడి పెద్దది లెక్కలోకి రావడం. లేదంటే నీ మనిషి ఒకరు ఆ శత్రువుకి మీటరున్నర దూరంలో నిలబడి ఉండటం. ఈ రెండోది అందరూ మర్చిపోతారు. నీ జట్టులోని ఫైటర్ లేజెల్‌ని పంపి ఒక గోబ్లిన్ పక్కన నిలబెట్టు చాలు, నువ్వు ఎంత దూరంలో ఉన్నా నీ బాణానికి స్నీక్ అటాక్ దొరుకుతుంది. ఒక్క షరతు, నీకు డిసడ్వాంటేజ్, అంటే రెండుసార్లు పడిన పాచికలో చిన్నది లెక్కలోకి రావడం, ఉండకూడదు. శత్రువు నీ పక్కనే ఉండగా విల్లు ఎక్కుపెడితే వచ్చేది అదే. వీడియోలో నువ్వు రెండుసార్లు చేసింది కూడా అదే.

అదనపు దెబ్బ 1వ లెవెల్లో ఆరు ముఖాల పాచిక ఒకటి, నీ 3వ లెవెల్లో రెండు. రెండు లెవెళ్లకొకటి చొప్పున పెరిగి 11కి ఆరు పాచికలవుతుంది. ఆట 12తో ఆగిపోతుంది. ఇది నీ టర్న్‌లో, అంటే నీ వంతులో, ఒక్కసారే పడుతుంది. అందుకే రోగ్ ఎన్నిసార్లు కత్తి ఆడించాడన్నది పెద్ద లెక్క కాదు, ఆ ఒక్కటీ ఎవడి మీద పడిందన్నదే లెక్క. రియాక్షన్ల, అంటే అప్పటికప్పుడు వాడే ప్రతిచర్యల, పేజీకి వెళ్లి స్నీక్ అటాక్ దగ్గర 'అడుగు' అని పెట్టుకో. లేకపోతే చావడానికి సిద్ధంగా ఉన్న చిల్లర గోబ్లిన్ మీద అది ఖర్చయిపోతుంది. ముందు మంత్రగాళ్లు, తర్వాత విలుకాళ్లు. కండలు తిరిగినవాళ్లను లేజెల్‌కి వదిలెయ్.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. రెండో లెవెల్లో నీకు కన్నింగ్ యాక్షన్ వచ్చింది. పరుగెత్తడం, దాక్కోవడం, శత్రువు పక్క నుంచి దెబ్బ తినకుండా జారుకోవడం, ఈ మూడూ మిగతావాళ్లకు మొత్తం యాక్షన్, అంటే ఆ వంతులో చేసే ముఖ్యమైన పని, ఖర్చు. నీకు బోనస్ యాక్షన్‌తో, అంటే దానికి తోడుగా దొరికే చిన్న పనితో, అయిపోతాయి. నీ టర్న్ ఇలా ఊహించుకో. ఒక గోడ వెనక దాక్కుని ఉన్నావు. నాలుగు మీటర్లు బయటికొచ్చావు, బాణం వేశావు. దాక్కుని వేశావు కాబట్టి అడ్వాంటేజ్, స్నీక్ అటాక్ రెండూ వచ్చాయి. వేసిన క్షణంలో అందరికీ కనబడిపోతావు, ఫరవాలేదు. టర్న్‌కి 9 మీటర్లు నడవగలవు కదా, నాలుగు మీటర్లు వెనక్కి నడిచి గోడ చాటుకి వెళ్లి, బోనస్ యాక్షన్‌తో మళ్లీ దాక్కో. వాళ్ల టర్న్ వచ్చేసరికి కొట్టడానికి నువ్వు కళ్లెదుట ఉండవు. వెతుక్కుంటూ వస్తారు, కానీ దారిలో లేజెల్ ఉంటుందిగా! నువ్వు మాత్రం బాణం వేశాక బోనస్ యాక్షన్‌ని రెండో చేతి కత్తికి వాడి, నడక మిగిలి ఉండగానే అక్కడే నిలబడిపోయావు. మొదటి దెబ్బ తప్పినప్పుడు రెండో చేతి దెబ్బ మంచిదే, దానికీ స్నీక్ అటాక్ తగిలించవచ్చు. మొదటిది తగిలిందంటే మాత్రం ఇక అక్కడ నీకు పనిలేదు, లేచిపో.

గెంతడానికి కూడా బోనస్ యాక్షనే పోతుందని గమనించావా? కప్పెక్కాలంటే గెంతాలి, దాక్కోవాలన్నా అదే కావాలి. ఈ ఇబ్బంది కోసమే 3వ లెవెల్లో రోగ్ ఎంచుకునే దారుల్లో నిన్ను థీఫ్ తీసుకోమంటున్నాను. థీఫ్‌కి బోనస్ యాక్షన్లు రెండు. పైకి గెంతి, కొట్టి, దాక్కోవడం ఒకే టర్న్‌లో అయిపోతాయి. ఎత్తు మీంచి కొడితే గురికి 2 కలుస్తుంది, కింద నుంచి పైకి కొడితే 2 పోతుంది. ఆ గోబ్లిన్లు కప్పులెక్కి కూర్చుంది ఊరికే కాదు.

ఇంకో దారి అసాసిన్ పేరు చూసి నోరూరుతోందని తెలుసు. ఏమరుపాటుగా ఉన్నవాణ్ణి కొడితే ప్రతి దెబ్బా క్రిటికలే, అంటే దెబ్బ పాచికలు రెట్టింపు, చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆ వైభవమంతా మొదటి రౌండ్‌లోనే, ఆ తర్వాత నువ్వు మామూలు రోగ్‌వే. ఎదుటివాడు ముందే నిన్ను చూశాడా, అదీ లేదు. ఆటంతా ఒకసారి తిరిగాక, ఎవరెక్కడ నిలబడి ఉంటారో తెలిశాక తీసుకో. మరో దారి ఆర్కేన్ ట్రిక్‌స్టర్‌కి కంటికి కనబడని మాయ చెయ్యి ఒకటి వస్తుంది. సరదాగా ఉంటుంది గానీ, నాకెందుకో మనసుకు పట్టలేదు.

దాక్కోవడంలో నీకింకా చూపు కుదరలేదు. సి నొక్కితే వంగుతావు, షిఫ్ట్ పట్టుకుంటే ఎవరెవరి చూపు ఎందాకా పోతోందో ఎర్రగా పరుచుకుంటుంది. ఆ ఎరుపు బయట ఎంత వెలుగున్నా నిన్నెవరూ చూడరు. ఎరుపు లోపల మూడు రకాలు. పూర్తి వెలుగులో అడుగు పెడితే పట్టుబడతావు, పాచిక కూడా పడదు. మసక వెలుతురులో పాచిక పడుతుంది, నీ నేర్పును బట్టి. చిమ్మచీకట్లో అసలు పరీక్షే ఉండదు. అందుకని కాగడా కనిపిస్తే ముందు దాని సంగతి చూడు, నీళ్ల సీసా విసిరితే ఆరిపోతుంది. అన్నట్టు నీ పాత్ర మనిషి, చీకట్లో కనబడదు కాబట్టి చేత్తో కాగడా పట్టుకుని చాటుగా నడుస్తున్నావు! కన్నంలో దొంగ దీపం పెట్టుకున్నట్టుంది. ఎల్ఫ్ అయితే ఆ బాధ ఉండదు, ఇంకోసారి మొదలుపెట్టినప్పుడు చూసుకో.

డెక్స్టెరిటీని, అంటే చురుకుదనాన్ని, 17 పెట్టుకున్నావు, మంచి పని చేశావు. గురికీ, కవచానికీ, దొంగతనానికీ అన్నిటికీ అదే. ఇంకో లాభం కూడా ఉంది. ఎవరి వంతు ముందు అని తేల్చడానికి ఈ ఆట వాడేది నాలుగు ముఖాల పాచిక. పాచిక చిన్నదైతే దానికి కలిసే డెక్స్టెరిటీ బోనస్ బరువు పెరుగుతుంది. చాలా యుద్ధాల్లో నీ వంతే ముందొస్తుంది. నేర్పు బోనస్‌ని రెట్టింపు చేసే ఎక్స్‌పర్టీస్ రెండూ స్టెల్త్‌కీ (దాక్కోవడం) స్లైట్ ఆఫ్ హ్యాండ్‌కీ (చేతివాటం) ఇచ్చెయ్.

జేబులు కొట్టడం గురించి నీకు చెప్పకూడదు గానీ చెప్తాను. ముందు సేవ్ చెయ్. ఎంత నేర్పున్నా పాచిక మీద 1 పడితే పని చెడినట్టే. కొట్టేశాక అక్కడే నిలబడి సంచీ సర్దుకోకు, వాడు గమనించి చుట్టుపక్కల వాళ్లందర్నీ నిలదీస్తాడు. నేనొకసారి ఒక్కదాన్నే ముందుకెళ్లి వర్తకుడి సంచీ మొత్తం ఊడ్చేశాను. నేను సురక్షితంగా బయటపడ్డాను, దుకాణం ముందు వదిలేసిన నా వాళ్లు మాత్రం దొరికిపోయారు. వాళ్లనూ తీసుకెళ్లాలని తోచనే లేదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 5వ లెవెల్లో లేజెల్‌కి ఒకే యాక్షన్‌లో రెండు దెబ్బలొస్తాయి, నీకు రావు. నీకొచ్చేది అన్‌క్యానీ డాడ్జ్, అంటే తగిలిన దెబ్బను సగానికి తగ్గించుకునే రియాక్షన్. అప్పుడు నీకు మళ్లీ కడుపు మండుతుంది. అంకెల లెక్కన చూస్తే రోగ్ వెనకబడే మాట నిజమే. చాలామంది థీఫ్ మూడు నాలుగు లెవెళ్లు తీసుకుని ఆపైన వేరే క్లాస్‌లోకి వెళ్లిపోతారు. అది తప్పని నేననను. నాకు మాత్రం తలుపులన్నీ తెరుచుకుంటూ, అందరికంటే ముందు కొట్టి, తిరిగి దెబ్బ తినకుండా పోయే ఆ తీరే ఇష్టం.

ఇక ఆ గోబ్లిన్ల దగ్గరికి మళ్లీ వెళ్లు. ద్వారానికి చాలా ముందే ఆగి, జీ నొక్కి గుంపు విడగొట్టు. మిగతా ముగ్గుర్నీ అక్కడే ఉంచి, నువ్వొక్కడివే ద్వారం వదిలేసి పక్క నుంచి చుట్టి ఒక కప్పు మీదికి ఎక్కు. మొదటి బాణం నువ్వు వేస్తే యుద్ధంలో ఉండేది నువ్వొక్కడివే, దూరంగా ఉన్నవాళ్లకు టర్న్‌ల గొడవ ఇంకా మొదలవదు. నీ టర్న్‌ని అలాగే ఆపి, వాళ్లను తీరిగ్గా నీకు కావలసిన చోటికి నడిపించుకో. నాలుగోసారీ చస్తే వీడియో పంపు. ఈసారి షిఫ్ట్ పట్టుకుని తియ్యి, ఆ ఎరుపు నాకూ కనబడాలి.

పిన్ని