సివిల్ డిప్లొమా చేసిన మా చెల్లి సర్వేయర్ అవుతానంటోంది, అమ్మాయిలు ఆ పని చేయగలరా?

చేయగలరు, ఇప్పుడైతే ఇంకా తేలిక. పాత పద్ధతిలో 33 అడుగుల ఇనుప గొలుసును (33 బై 33 అయితే మన గుంట) ఇద్దరు ముగ్గురు పట్టుకుని ముళ్లకంపల్లో ఈడ్చుకుంటూ పోవాలి, చైన్‌మన్ రాకపోతే ఆ రోజుకు పని బంద్.

ఇప్పుడు రోవర్ ఉంది. కర్ర మీద బిగించిన చిన్న రిసీవర్ అది, ఉపగ్రహాల సిగ్నల్ తీసుకుని, సర్వే ఆఫ్ ఇండియా కోర్స్ (CORS, ఒకేచోట నిలిపి ఎప్పుడూ నడిచే రిసీవర్లు) స్టేషన్ల నుంచి మొబైల్ నెట్ ద్వారా వచ్చే దిద్దుబాటుతో సరిచూసుకుని, కొద్ది సెంటీమీటర్ల తేడాలో పాయింట్ చూపిస్తుంది. ఒక్కరు చాలు. హద్దు రాయి మీద కర్ర నిలబెట్టి, కర్రకున్న మట్టం బుడగ మధ్యలోకి వచ్చాక, స్క్రీన్ మీద 'ఫిక్స్' (పాయింట్ కచ్చితంగా దొరికింది) అని పడేదాకా ఆగి బటన్ నొక్కడమే. మన నల్గొండ బత్తాయి తోటల్లో మాత్రం గుబురు చెట్ల కింద 'ఫ్లోట్' (పాయింట్ ఇంకా కచ్చితం కాలేదు) దగ్గరే ఆగిపోవచ్చు, అప్పుడు కాంతి కిరణంతో దూరం, కోణం కొలిచే టోటల్ స్టేషన్ యంత్రమే దిక్కు.

ఇక పాత టిప్పన్ (పొలం కొలతల సర్వే పటం) చదవడం, గెట్టు మీద కొట్లాడుకునే అన్నదమ్ములకు నచ్చజెప్పడం, ఇవి ఎవరైనా నేర్చుకోవాల్సినవే. అసలు టెన్షన్ వేరే ఉంది: పొలాల్లో బాత్రూమ్ ఉండదు, దానికి ఏ మెషీనూ రాలేదు. మీ చెల్లిని ముందు ఆటోక్యాడ్ (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోమనండి.