టెక్ సందేహాలు: బండి ట్యూనింగ్‌కి ఎస్సెమ్మెస్‌లు ఎందుకు?

ప్రశ్న: చెన్నై నుంచి బదిలీ మీద బెంగళూరు వచ్చాను. నా పాత కార్బ్యురేటర్ బండి ఇక్కడ పికప్ అందుకోవడం లేదు, ప్లగ్ మసి పడుతోంది. రూమ్మేట్ తన ఇంజెక్షన్ బండికి బ్లూటూత్ డాంగిల్ (బండి సాకెట్‌కి తగిలించే చిన్న పరికరం) పెట్టి, వాట్సాప్‌లో వచ్చిన యాప్‌తో ‘మ్యాప్’ (ఇంజిన్‌కి ఎప్పుడెంత పెట్రోల్ పోయాలో చెప్పే లెక్క) మార్చుకున్నాడట. నాకూ పనికొస్తుందా?
- ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: పనికిరాదు. మీ బండికి అది తగిలించే సాకెట్టే ఉండదు.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. గాలి పలచన. కార్బ్యురేటర్‌కి ఆ సంగతి తెలీదు కాబట్టి మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే గాలికి పెట్రోల్ ఎక్కువైపోతుంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంటే, ఇంజిన్ బాగా వేడెక్కాక మిక్స్చర్ స్క్రూ లీన్ (పెట్రోల్ తక్కువ) అయ్యే వైపు పావు చుట్టు చొప్పున తిప్పి చూడండి. స్క్రూ ఫిల్టర్ వైపుంటే బయటికి తిప్పితే లీన్, ఇంజిన్ వైపుంటే బయటికి తిప్పితే రిచ్. వీడియోల్లో చెప్పే ‘ఒకటిన్నర చుట్లు’ ఆ వీడియోలోని బండికే. స్క్రూ ప్రభావం ఐడ్లింగ్ దగ్గరే. ఫుల్ థ్రాటిల్‌లోనూ ముక్కుతుంటే మెయిన్ జెట్ (అప్పుడు పెట్రోల్ అందించే రంధ్రం) సంగతి మెకానిక్‌కి వదిలేయండి. ప్లగ్ తెల్లబడిందంటే మరీ లీన్ చేసేశారని.

నా భయమంతా మీ రూమ్మేట్ గురించే. ఇలాంటి ఉత్తరాలు ఆగకుండా వస్తున్నాయి. ఇంజెక్షన్ బండి గాలి ఒత్తిడిని సెన్సర్‌తో తెలుసుకుని పెట్రోల్ తనే సర్దుకుంటుంది. చవక డాంగిళ్లు ఫాల్ట్ కోడ్లు (బండిలో ఏం పాడైందో చెప్పే సంకేతాలు) చదవడానికే. మ్యాప్ తిరగరాసే పరికరాలు వేరు. మరి ఆ యాప్ ఏం మార్చినట్టు? ముందు అది ఏయే అనుమతులు తీసుకుందో చూడమనండి. బ్లూటూత్ కోసం ఆండ్రాయిడ్ 12 నుంచి ‘సమీప పరికరాలు’ చాలు; పాత ఫోన్లలో లొకేషన్ అడిగినా సరే. ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ అడిగిందంటే దాని కన్ను ఇంజిన్ మీద కాదు, ఓటీపీల మీద. యాక్సెసిబిలిటీ దక్కిన యాప్ మీ స్క్రీన్ చదువుతుంది, మీ బదులు బటన్లూ నొక్కుతుంది. వెంటనే నెట్ ఆపి, ఆ అనుమతి తీసేసి, యాప్ తొలగించి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చుకోమనండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డాంగిల్ కూడా బండికే వదిలేయొద్దు. చాలావాటి పిన్ 1234, దగ్గరున్న ఎవరైనా కనెక్ట్ కావచ్చు.

అసలు జనం ఈ డాంగిళ్ల వెంట ఎందుకు పడుతున్నారు? కొత్త బండ్ల మీటర్‌లో ఫోన్ చేసినవాళ్ల పేరు కూడా కనిపిస్తుంది. ఇంజిన్ లైట్ వెలిగితే మాత్రం చాలావాటిలో పసుపు బొమ్మ ఒక్కటే. ఆక్సిజన్ సెన్సర్ పోయిందా, వైరు ఊడిందా తెలియాలంటే సర్వీస్ సెంటర్లో క్యూ కట్టాలి. ఆ కోడ్ ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్లో) ఉంది, చూపించే తెర ఎదురుగానే ఉంది. చూపించరు!